అరవై తొమ్మిది జట్టు ఆఖరి బంతి

శనివారం పొద్దున ఎనిమిదింటికి డార్లా హోటల్లో కిటికీ పక్క బల్ల మీద సీసాలూ డబ్బాలూ మ్యాచ్ ఆడటం మొదలుపెడతాయి. కెచప్ సీసా డ్వేన్ హుల్స్‌మన్. లావుపాటి మిరియాల డబ్బా ఆల్విన్ స్టెమ్లె. ఉప్పుడబ్బా, తేనె సీసా చచ్చిపోయిన ఇద్దరు. ఇక నార్బర్ట్ ఫ్లీగ్ అంటే వేలెడంత ఖాళీ క్రీము డబ్బీ, ఎవరో కాఫీలో పోసుకుని పక్కన పడేసినది. ఈ అయిదూ కలిస్తే లిండౌర్ కాలేజీ 1969 బాస్కెట్‌బాల్ జట్టు. ఎదుటి వైపు పక్క బల్ల నుంచి అరువు తెచ్చిన సీసాలు 1991 జట్టు. 1957 జట్టుకి పంచదార పొట్లాలు చాలు. ఆ జట్టులో బతికున్నది ఇద్దరే, పొట్లం చింపి కాఫీలో కలుపుకున్నా అడిగేవాడు లేడు.

ఇరవై ఏళ్లుగా ఆ బల్ల మీద ఇదే ఆట. అరవై తొమ్మిది, తొంభై ఒకటి ఒకే రోజు, ఒకే గచ్చు మీద దిగితే ఎవరు గెలుస్తారు? దేవుడు దిగివచ్చి చెప్పినా ఈ ముసలాళ్లు ఒప్పుకోరు.

"మా ఆల్విన్ ఆరడుగుల ఆరంగుళాలు. మీవాడు తొమ్మిదంగుళాలు. అయితే ఏం? మీవాడు ఆల్విన్ మోచేతులు రుచి చూళ్లేదు," అన్నాడు డ్వేన్, మిరియాల డబ్బాతో ఎదుటి సీసాని పక్కకి నెడుతూ. డ్వేన్ అప్పటి కెప్టెన్. ట్రాక్టర్ల దుకాణం పెట్టి, అమ్మేసి, ఇప్పుడు ఖాళీగా ఉన్నాడు గానీ గొంతు ఇంకా కెప్టెన్‌దే.

పక్క బల్ల దగ్గర గుడ్లు తింటున్న క్రెయిగ్ ఎకర్ట్ తల తిప్పాడు. తొంభై ఒకటి జట్టులో బంతి నడిపించినవాడు అతనే. ఇప్పుడు హైస్కూలు కోచ్. యాభై ఏళ్లు లేవు కాబట్టి ఆ హోటల్లో వాడు పిల్లాడి కింద లెక్క. "మీ రోజుల్లో మోచేతులకి ఫౌల్ ఇచ్చేవాళ్లు కాదు కదండీ. ఇప్పటి రెఫరీ అయితే ఆల్విన్ గారిని పావుగంటలో బయట కూర్చోబెడతాడు."

"మీకేమయ్యా, దూరం నుంచి విసిరితే మూడు పాయింట్లు. నేను పార్కింగ్ లోంచి విసిరినా రెండే ఇచ్చారు."

"మీరు బంతి పట్టుకుని నిమిషన్నర నిలబడేవారట డ్వేన్ గారూ. మాకు నలభై అయిదు సెకన్లు దాటితే లాగేసుకునేవాళ్లు."

"బంతిని పైనుంచి బుట్టలో గుద్దడం మా కాలంలో నిషేధం," అన్నాడు ఆల్విన్. "లేకపోతే బుట్ట ఊడదీసి ఇంటికి తీసుకెళ్లేవాణ్ణి."

"ఇప్పుడు నువ్వు మెట్లెక్కి ఇంట్లోకి వెళ్తే చాలు," అన్నాడు డ్వేన్. రెండు మోకాళ్లూ మార్పించుకున్న ఆల్విన్‌తో సహా అందరూ నవ్వారు.

ఆట ఎలా మొదలైనా ముగింపు మాత్రం ఎప్పుడూ ఒకటే. చివరి ఆరు సెకన్లు. కెచప్ సీసా గీత దగ్గర నిలబడుతుంది, క్రీము డబ్బీ మూలకి పరిగెడుతుంది. డ్వేన్ వేలితో బ్రెడ్డు ముక్కని దాని వైపు మీటుతాడు. తగలగానే క్రీము డబ్బీ బోర్లా పడుతుంది. బల్లంతా ఒకే గొంతుతో అంటుంది: "ఫ్లీగ్ చేతిలోంచి జారిపోయింది."

నార్బర్ట్ కూడా అంటాడు. అనకపోతే మొహం మాడ్చుకున్నాడంటారు.

అది ఆనాటి రేడియో మాట. 1969 మార్చిలో లిండౌర్ జట్టు కాన్సస్ సిటీలో ఫైనల్ ఆడింది. మంచు తుఫాను వల్ల ఊరినుంచి ఒక్క బస్సు కదల్లేదు. ఊరంతా రేడియోల చుట్టూ కూర్చుంది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు, ఆరు సెకన్లుంది. రేడియో ఆయన అరిచాడు, ఫ్లీగ్ చేతిలోంచి జారిపోయిందని. బంతి ఎదుటివాళ్లకి చిక్కింది, ఆట అయిపోయింది. ఆ రేడియో ఆయన ఒక స్తంభం వెనక కూర్చున్నాడని ఊళ్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరికీ లేదు. ఆయన చెప్పిందే జరిగింది.

నిజానికి ఆ బంతి నార్బర్ట్ చేతికి రాలేదు. ఇంటికొచ్చాక ఒక ఏడాది పాటు కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. సాకులు చెప్తున్నాడన్నారు. కోచ్‌ని అడిగితే "అయిపోయిందాన్ని తవ్వకు" అన్నాడు. తర్వాత నార్బర్ట్ చెప్పడం మానేశాడు.

ఊరు మాత్రం మానలేదు. అతని పెళ్లిలో ఫాదర్ ఉంగరం అందిస్తుంటే వెనక వరసలోంచి ఎవరో "జాగ్రత్త ఫాదర్, రెండు చేతులతో ఇవ్వండి" అన్నారు. పాప బాప్తిస్మం రోజున "పిల్లని నార్బ్ చేతికి మాత్రం ఇవ్వకండి" అన్నాడు డ్వేన్. చర్చంతా నవ్వింది, అతని భార్య రీటా కూడా నవ్వింది. రీటా పోయి నాలుగేళ్లయింది. అతనికి ఆమె గురించి గుర్తున్న వాటిలో ఆ నవ్వు కూడా ఉంది, అదే అన్యాయం. కోచ్ చచ్చిపోయినప్పుడు జట్టంతా శవపేటిక మోసింది. నార్బర్ట్‌ని మాత్రం మిగతావాళ్ల టోపీలు పట్టుకుని వెనక నడవమన్నారు. నడిచాడు.

డార్లా కాఫీ కూజా ఆ బల్ల మీద పెడితే అతనికి అందనంత దూరంలో పెడుతుంది. "పగిలితే నాదే కదయ్యా నష్టం," అంటుంది. ఇరవై ఏళ్లుగా అదే మాట, అదే నవ్వు. అతని కప్పు ఆల్విన్ నింపుతాడు.

ఆ ఏడాదికి కాలేజీలో బాస్కెట్‌బాల్ మొదలై నూరేళ్లు. పాత వ్యాయామశాలని బాగుచేశారు. కొత్త గుమ్మం ఎదురుగా గోడ మీద ఒక్క జట్టు ఫొటోకే చోటుంది, మనిషంత ఎత్తున. నూరేళ్లలో గొప్ప జట్టేదో ఆ పండగ విందులో ఊరే తేలుస్తుంది. మిగతా ఫొటోలన్నీ మగాళ్ల మరుగుదొడ్డికి వెళ్లే నడవాలోకి పోతాయి.

"యాభై ఏడుని ఎవరూ చూడలేదు. రెండువేల పద్నాలుగు వాళ్లు సగం మంది బయట రాష్ట్రాల కుర్రాళ్లు. పోటీ మనకీ వీళ్లకీనే," అన్నాడు డ్వేన్, గడ్డంతో క్రెయిగ్‌ని చూపిస్తూ. "కానీ వీళ్లకి రంగుల సినిమా ఉంది. మనకి రెండు ఫొటోలున్నాయి. విందులో ఒక్కో జట్టుకి అయిదు నిమిషాలు తెర మీద చూపిస్తారట. మనం ఏం చూపిస్తాం, నా మొహమా?"

"నా దగ్గర సినిమా ఉంది," అన్నాడు నార్బర్ట్.

బల్ల మీద కెచప్ సీసా కదలడం ఆగింది.

అతను పదకొండేళ్లుగా ఒహాయోకి ఉత్తరాలు రాస్తున్నాడు. ఆ ఫైనల్లో గెలిచిన జట్టు కోచ్ తన ఆటలన్నీ రీళ్ల మీద తీయించేవాడని ఎక్కడో చదివాడు. అక్కడి కాలేజీ జవాబివ్వలేదు. కోచ్ పోయాడు. చివరికి ఆయన కూతురు ఇల్లు ఖాళీ చేస్తూ అటక మీద దొరికిన రీలు పెట్టెలో పెట్టి పంపింది. నార్బర్ట్ దాన్ని లూయీవిల్ తీసుకెళ్లి డిస్కు చేయించాడు.

"ఒరేయ్, ఇన్నాళ్లూ చెప్పకుండా ఎలా ఉన్నావురా," అంటూ డ్వేన్ లేచి అతని భుజం పట్టుకుని ఊపాడు. "అంతా ఉందా? ఆఖరు దాకా?"

"ఆఖరు దాకా ఉంది."

"ఆఖరు కూడా చూపిద్దాం. ఎంత దగ్గరదాకా వెళ్లామో చూడనీ జనం."

నార్బర్ట్ అతని మొహంలోకి చూశాడు. అందులో భయం లేదు. యాభై ఏళ్లు రేడియో మాట చెప్పీ చెప్పీ, డ్వేన్ కూడా దాన్ని నమ్మేశాడు. అది చూసి నార్బర్ట్‌కి ఒళ్లు మండింది. దొంగయినా తను దొంగనని గుర్తుంచుకోవాలి కదా అనిపించింది.

విందుకి మూడు రోజుల ముందు క్రెయిగ్ డిస్కు కోసం నార్బర్ట్ ఇంటికి వచ్చాడు. తెర మీద వేసే పని అతనిదే. ఇద్దరూ నేలమాళిగలో టీవీ ముందు కూర్చుని మొత్తం చూశారు. రెండో సగం మొదట్లో లిండౌర్ పదహారు పాయింట్లు వెనకబడి ఉంది. అక్కణ్ణుంచి ఎనిమిది నిమిషాల్లో లేచింది. ఆల్విన్ గోడలా నిలబడ్డాడు, డ్వేన్ ఎడమచేత్తో విసిరినవి కూడా బుట్టలో పడ్డాయి, నార్బర్ట్ వరసగా మూడుసార్లు ఎదుటివాడి చేతిలోంచి బంతి లాక్కున్నాడు. క్రెయిగ్ ముందుకి వంగి కూర్చున్నాడు.

"అబద్ధం చెప్పను నార్బ్ గారూ. ఈ ఎనిమిది నిమిషాల్లో ఏ అయిదు వేసినా మేం నడవాలోకి పోతాం. ఇలాంటి జట్టుని నేను చూళ్లేదు."

తర్వాత ఆఖరు వచ్చింది. క్రెయిగ్ ఆ ఆరు సెకన్లు చూసి, వెనక్కి తిప్పి మళ్లీ చూశాడు.

"అయిదు నిమిషాలే ఇచ్చారు. ఏ అయిదు వెయ్యమంటారు?" అన్నాడు చివరికి.

నార్బర్ట్ టీవీ కేసి చూస్తూ కూర్చున్నాడు. గోడ మీద మనిషంత ఫొటో. అందులో తనూ ఉంటాడు, కుడి నుంచి రెండోవాడు. ఆల్విన్ ఆ ఫొటో కోసం కొత్త కోటు కుట్టించుకున్నాడు. జట్టా, తనా? తప్పని తెలుసు, అయినా యాభై ఏళ్లు ఆకలితో కూర్చున్నవాణ్ణి పంచుకు తినమంటే ఎలా?

"ఆఖరిది," అన్నాడు.

"నాకు మంచిదే," అన్నాడు క్రెయిగ్. జాలిపడ్డాడు గానీ డిస్కు మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

విందు శుక్రవారం సాయంత్రం. ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు కాబట్టి చేప తప్ప మాంసం లేదు. వేయించిన చేప, క్యాబేజీ, ఆపిల్ పై ముక్కలు. వ్యాయామశాల గచ్చు మీద బల్లలు వేశారు, నాలుగు వందల మంది వచ్చారు. గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ ఒక్కో మొక్కజొన్న గింజ ఇచ్చారు. వేదిక మీద నాలుగు గాజుజాడీలున్నాయి, ఒక్కో జాడీకి ఒక్కో ఏడాది చీటీ. నచ్చిన జట్టు జాడీలో గింజ వెయ్యాలి.

యాభై ఏడు వాళ్ల ఫొటోలు చూపించారు. ఇద్దరు ముసలాళ్లు చక్రాల కుర్చీల్లోంచి చెయ్యూపారు. తొంభై ఒకటి రంగుల సినిమాకి చప్పట్లు బాగానే పడ్డాయి. రెండువేల పద్నాలుగు నుంచి నలుగురే వచ్చారు, వాళ్లూ ఫోన్లు చూసుకుంటున్నారు. తర్వాత డ్వేన్ మైకు అందుకున్నాడు.

"ఇప్పుడు మీరు చూసేది ఈ ఊళ్లో ఎవరూ చూడనిది. తెచ్చినవాడు మన నార్బ్. దార్లో జారవిడవకుండా తెచ్చాడు, ఒకసారి చప్పట్లు కొట్టండి."

నాలుగు వందల మంది పగలబడి నవ్వారు. నార్బర్ట్ కూడా నవ్వాడు, జీవితంలో మొదటిసారి హాయిగా. ఇంకో అయిదు నిమిషాలు నవ్వుకోండిరా అనుకున్నాడు.

తెర మీద నలుపూ తెలుపూ బొమ్మ కదిలింది. శబ్దం లేదు. సన్నటి కాళ్లు, పొట్టి నిక్కర్లు చూసి ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆట బిగిసింది. జనం కుర్చీల్లో ముందుకి జరిగారు, ఫలితం తెలిసినా జరిగారు. ఆరు సెకన్లకి వచ్చేసరికి ఎవరో అలవాటుగా "ఫ్లీగ్ చేతిలోంచి" అని మొదలుపెట్టారు.

మాట పూర్తి కాలేదు. తెర మీద డ్వేన్ బంతితో గీత దగ్గర ఉన్నాడు. బుట్టలోకి విసరాల్సింది అతనే. ఇద్దరు మీదకొచ్చారు. అతను కళ్లు మూసుకున్నాడు, నిజంగానే మూసుకున్నాడు, బంతిని వెనక్కి గిరాటేశాడు. అక్కడ ఎవరూ లేరు. ఎదుటి జట్టువాడు తీరిగ్గా నడిచొచ్చి పట్టుకున్నాడు. నార్బర్ట్ మూలలో, బంతికి పది అడుగుల దూరంలో, రెండు చేతులూ చాచి నిలబడి ఉన్నాడు.

క్రెయిగ్ ఎవరూ అడక్కుండానే వెనక్కి తిప్పి మళ్లీ వేశాడు, ఈసారి నెమ్మదిగా. ఆ తర్వాత ఇంకోసారి.

"ఇక చాల్లే," అన్నాడు ఆల్విన్. దీపాలు వేశారు.

ఈ క్షణం తర్వాత ఏం జరుగుతుందో నార్బర్ట్ ఎన్నో రకాలుగా ఊహించుకుని ఉన్నాడు. ఎవరో లేచి చప్పట్లు కొడతారనీ, డ్వేన్ వచ్చి చెయ్యి పట్టుకుంటాడనీ, ఎవరో ఒకరు క్షమించమంటారనీ అనుకున్నాడు. ఎవరూ రాలేదు. జనం పళ్లాల్లోకి చూసుకున్నారు. అతని పక్కన కూర్చున్నవాళ్లు కూడా మొహం తిప్పుకున్నారు. డ్వేన్ మైకు ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాడు, దాన్ని తీసుకోవాలని ఎవరికీ తోచలేదు. అతని నోరు మాత్రం కొద్దికొద్దిగా కదులుతోంది.

జనం లేచి వరసలో వెళ్లి గింజలు వేశారు. లెక్కపెట్టాల్సిన అవసరమే రాలేదు. తొంభై ఒకటి జాడీ మెడ దాకా నిండింది. అరవై తొమ్మిది జాడీలో అడుగు కనిపిస్తోంది.

కోట్లు తగిలించిన చోట ఆల్విన్ కలిశాడు. కొత్త కోటు మీద ఓవర్‌కోటు తొడుక్కోలేక అవస్థ పడుతున్నాడు. నార్బర్ట్ సాయం చెయ్యబోతే చెయ్యి లాక్కున్నాడు.

"క్రెయిగ్ చెప్పాడు, ఇంకో అయిదు నిమిషాలు కూడా ఉన్నాయటగా. అవి వేస్తే గెలిచేవాళ్లం. ఇప్పుడు నా ఫొటో మరుగుదొడ్డి పక్కన వేలాడుతుంది. నీ ముచ్చట తీరిందా?"

"నేను జారవిడవలేదు ఆల్విన్. చూశావుగా."

"చూశాను. అయితే ఏం చెయ్యమంటావ్?"

నార్బర్ట్ తన కోటు తీసుకున్నాడు.

మర్నాడు శనివారం ఎప్పటిలాగే ఎనిమిదింటికి వెళ్లాడు. అతని కుర్చీ అతనికుంది. ఎవరూ పొమ్మనలేదు. పొమ్మంటే బాగుండేది. సీసాలన్నీ బల్ల చివర గోడవారగా వరసగా ఉన్నాయి, వాటిని ఎవరూ ముట్టుకోలేదు. డ్వేన్‌కి ఒక్క రాత్రిలో పదేళ్లు మీద పడ్డట్టున్నాయి. విత్తనాల ధర గురించీ, వాన గురించీ మాట్లాడుకున్నారు. నార్బర్ట్ వాన గురించి ఏదో అన్నాడు. ఎవరూ అందుకోలేదు.

డార్లా కాఫీ కూజా తెచ్చింది. ఒక్క క్షణం నిలబడింది. తర్వాత దాన్ని తీసుకొచ్చి నార్బర్ట్ ముందు, అతని చేతికి అందేలా పెట్టింది. పగిలితే అన్న మాట అనలేదు. ఎవరూ నవ్వలేదు. అతనే తన కప్పు నింపుకున్నాడు. చుక్క కూడా ఒలకలేదు. తాగితే మాత్రం చేదుగా ఉంది.

రెండో శనివారం అలాగే గడిచింది. మూడో శనివారమూ అంతే. వారమంతా అతనికి మనుషులతో మాట్లాడే చోటు ఇదొక్కటే. నాలుగో శనివారం నాటికి అతనికి ఒక సంగతి తెలిసొచ్చింది. ఇన్నాళ్లూ ఆ బల్ల దగ్గర అతనికి కుర్చీ ఇచ్చింది ఆ వెక్కిరింతే. దాన్ని అతనే చేజేతులా తీసేశాడు. ఇప్పుడు అతను నిజం చెప్పిన మనిషి. అలాంటివాడితో కాఫీ తాగడం ఎవరికీ ఇష్టం లేదు.

ఆల్విన్ వెళ్లడానికి లేచి టోపీ తీసుకుంటున్నాడు. ఇంకా ఎనిమిదిన్నర కూడా కాలేదు.

"ఆ బంతి," అన్నాడు నార్బర్ట్.

ఆల్విన్ టోపీ పట్టుకుని ఆగాడు.

"ఆ బంతి నా వేలికి తగిలిందిరా. బొమ్మలో కనపడదు. దూరం నుంచి తీశారు కదా. నేనే ఒకడుగు ముందుకి వేసుంటే అందేది. డ్వేన్ నాకే విసిరాడు. నేనే అందుకోలేకపోయాను."

డ్వేన్ తల ఎత్తాడు. అతని మొహంలోకి రంగు నెమ్మదిగా తిరిగి రావడం నార్బర్ట్ చూశాడు.

"నాకు తెలుసురా," అన్నాడు డ్వేన్. "నా చేతికి తెలియదా, ఎటు విసిరిందో. ఆ సినిమా అడ్డంగా తీశారు. నేను ఆ రాత్రే అనుకున్నాను."

"పది అడుగులు దూరంగా కనపడింది," అన్నాడు ఆల్విన్, ఇంకా నిలబడే.

"పాత కెమెరాలు అంతే. దూరం పెద్దది చేసి చూపిస్తాయి. కదరా నార్బ్?"

"అంతే," అన్నాడు నార్బర్ట్.

ఆల్విన్ కూర్చున్నాడు. గిన్నెలోంచి ఖాళీ క్రీము డబ్బీ ఒకటి ఏరి బల్ల మధ్యలో పెట్టాడు. డ్వేన్ చెయ్యి చాచి నార్బర్ట్ ముందున్న కాఫీ కూజాని తన వైపు లాక్కున్నాడు.

"డార్లా, దీన్ని వీడి ముందు పెట్టింది ఎవరు? పగలగొట్టాలనా?"

డార్లా లోపలినుంచి నవ్వింది. బల్లంతా నవ్వింది, నెల రోజులుగా బిగబట్టిన నవ్వు. ఆల్విన్ కళ్లు తుడుచుకుని అతని వీపు చరిచాడు. నార్బర్ట్ కూడా నవ్వాడు. మాట్లాడటానికి మనుషులు దొరికారు, అతనికి నిజంగానే ప్రాణం లేచొచ్చింది, అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

డ్వేన్ కెచప్ సీసా అందుకుని గీత దగ్గర నిలబెట్టాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినవాడిలా పక్క బల్ల కేసి తిరిగాడు. అక్కడ క్రెయిగ్ ఎకర్ట్ ఫోర్కు పట్టుకుని, గుడ్లు తినడం ఆపి, నార్బర్ట్‌నే చూస్తున్నాడు.

"క్రెయిగ్‌కి సరిగ్గా వినపడినట్టు లేదురా నార్బ్," అన్నాడు డ్వేన్. "మళ్లీ చెప్పు."

నార్బర్ట్ ఈసారి కాస్త గట్టిగా చెప్పాడు.